పక్కలో ఊపిరి

మా ఊళ్ళో పిల్లలు ఎక్కువగా మాఘ ఫాల్గుణ మాసాల్లోనే పుడతారు. కొత్తగా వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఇది గమనించి, ఇదేం విచిత్రమని నన్నడిగింది. విచిత్రమేమీ లేదు. కళింగపట్నం దాటాక సముద్రం ఒడ్డునే ఉంటుంది మా ఊరు. ఇక్కడి మగవాళ్ళలో సగంమంది వానలు పడ్డాక గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు. ఇంటిపట్టున ఉండేది ఆ రెండు మూడు నెలలే. కాపురమంటే మాకు ఆ రెండు మూడు నెలలే.

నేను ఈ ఊరి ఆశా కార్యకర్తని. గర్భిణుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం నా పని. నిరోధ్ పొట్లాలూ, గర్భం రాకుండా వేసుకునే మాత్రలూ నా సంచిలోనే ఉంటాయి. అందుకని ఆడవాళ్ళు ఇంకెవరితోనూ అనని మాటలు నాతో అంటారు. నా మాట మాత్రం నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి చెప్పుకోవడానికి నాకో ఆశా కార్యకర్త లేదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఇసకలో పీతల్ని తరుముతూ ఆడుకున్నవాళ్ళమే. పెళ్ళయిన రెండో నెలలోనే ఆయన గుజరాత్ బండెక్కాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. తిరిగొచ్చిన రోజు ఇద్దరికీ సిగ్గుగా ఉండేది. ఆయన ఒంటికి డీజిలు వాసన, ఐసు వాసన. ఎన్ని బిందెలు పోసినా నాలుగైదు రోజులదాకా పోయేది కాదు. ఆ వాసన పోయేసరికి నా సిగ్గు కూడా పోయేది. మా అత్త మంచిది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలిద్దర్నీ లేవదీసి, "రండర్రా, ఎండుసేపలు కాకులెత్తుకుపోతన్నాయి, సూసొద్దాం" అని ఒడ్డుకు తీసుకుపోయేది. వచ్చేముందు దూరం నుంచే గట్టిగా దగ్గేది. మాకున్నది ఒక్కటే గది. ఆ గదిలో ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో రాయడానికి నాకిప్పుడు మాటలు రావడం లేదు. ఆయన నా మెడ కింద చెయ్యి పెట్టి నా ఊపిరి వింటూ నిద్రపోయేవాడు. నేను అటు తిరిగితే మేలుకుని, "ఇటు తిరగవే" అనేవాడు.

కరోనా వచ్చిన ఏడు, ఆయన ఇంకా తిరిగి రాకముందే దేశమంతా మూసేశారు. అక్కడి రేవులో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేశారు. ఒడ్డుకు దిగనివ్వలేదు. బోటుకు ఎనిమిదిమందో తొమ్మండుగురో. అందులోనే వంట, అందులోనే పడక. మా ఆయన పక్కన పడుకునేది పక్క ఊరి కుర్రాడు. ఆయన కంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. ఏ బోటుకు వెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళేవారు, ఒకే టార్పాలిన్ మీద పడుకునేవారు. నన్ను వదినా అని పిలిచేవాడు. ఫోన్ లాక్కుని మరీ మాట్లాడేవాడు.

"వదినా, మా అన్నయ్య నీ జపమే సేస్తన్నాడు. మాకు నిద్దర నేదు. ఆడికేదన్నా సెప్పు."

మామూలు ఏడాదుల్లో మా ఆయన ఫోన్ చేస్తే పిల్లలెలా ఉన్నారు, అమ్మ మందులేసుకుంటోందా అని అడిగి పెట్టేసేవాడు. ఆ నెలలో మాత్రం పని లేదు, ఒడ్డు లేదు. రోజుకు మూడునాలుగుసార్లు చేసేవాడు. వలలు పోగేసినచోట, మిగతావాళ్ళకు వినబడకుండా కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

"ఒసే, ఇంటన్నావా?"

"ఇంటన్నాను, సెప్పు."

"ఏ సీర కట్టినావు?"

నా చీర గురించి ఆయన అడగడం అదే మొదటిసారి.

"డూటీ సీరే బావా. ఇంటింటికీ తిరగాల గదా."

"నానొచ్చినాక అది కట్టకు."

"మరేటి కట్టాల?"

గొంతు ఇంకా తగ్గించాడు. "ఏటీ కట్టకు" అన్నాడు. అని ఆయనే సిగ్గుపడి పెట్టేశాడు. నేను పొయ్యి ముందు కూర్చుని, ఇంకా తీయని డ్యూటీ మాస్కు వెనక చాలాసేపు నవ్వుకున్నాను. ఊరంతా చావు భయంతో ఉంటే నాకా నెల పెళ్ళిచూపుల నెలలా గడిచింది. ఇది ఎవరికైనా చెబితే ఏమనుకుంటారో తెలియదు, కానీ అదే నిజం.

తర్వాత ఆ కుర్రాడికి జ్వరం వచ్చిందన్నారు. దగ్గు అన్నారు. బోటు యజమాని మాత్రలు పంపాడు. పరీక్షలు చేయడానికి ఎవరూ రాలేదు కాబట్టి అది ఆ జబ్బో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను చేసి చేసి విసిగిపోయాక ఒక పొద్దున ఆయనే చేశాడు.

"ఆడు పోనాడే."

"ఎప్పుడు బావా? ఎలగ?"

"పోనాడు."

అంతే. అక్కడే మట్టి చేశారని వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఆ రోజు నుంచి ఫోన్‌లో మళ్ళీ పిల్లలు, అమ్మ మందులు. నా చీర సంగతి మళ్ళీ అడగలేదు. మనిషి దుఃఖంలో ఉన్నాడు, ఇంటికొస్తే సర్దుకుంటాడు అనుకున్నాను.

కొన్నాళ్ళకు వాళ్ళందర్నీ బస్సుల్లో తీసుకొచ్చి శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో ఉంచారు. నేను కేరియర్‌లో చేపల పులుసు పట్టుకెళ్ళాను. గేటు దగ్గర కానిస్టేబుల్ కేరియర్ తీసుకుని నన్ను అక్కడే ఆపేశాడు. మేడమీద వరండాలో మా ఆయన నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి, చొక్కా వేలాడుతోంది. నేను చెయ్యి ఊపాను. మాస్కు ఉండడంవల్ల పోల్చుకోలేదేమోనని అది కిందికి లాగి మళ్ళీ ఊపాను. ఆయన నన్ను చూశాడు. చెయ్యెత్తాడు. బస్టాండులో ముక్కూమొహం తెలియనివాడు పలకరిస్తే మర్యాదకి ఎత్తినట్టు ఎత్తాడు.

అక్కణ్ణుంచి ఇంటికి పంపినా ఇంకొన్నాళ్ళు విడిగా ఉండాలని నియమం. బయట నుంచి వచ్చినవాళ్ళ తలుపులకు కాగితం అంటించే పని నాదే. మా తలుపుకూ నేనే అంటించాను. ఆయన పెరట్లో వలలు పెట్టే పాకలో పడుకున్నాడు. ప్రతి ఇంటికీ వెళ్ళి, మొగుడూ పెళ్ళాలు ఎడంగా ఉండాలని చెప్పేదాన్ని. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతి గుమ్మం దగ్గర నన్నాపి, చెవిలో అడిగింది.

"అక్కా, ఉట్టి సెయ్యి పట్టుకున్నా వస్తాదేటి?"

"వస్తాదమ్మా. కొన్నాలు ఓపిక పట్టు."

ఆ పిల్ల మొహం చూసి నవ్వొచ్చింది. నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది.

గడువు తీరిన రోజు మంగలిని పిలిపించి ఆయనకు గడ్డం గీయించాను. వేణ్ణీళ్ళు కాచాను. మా అత్త ఏమీ అడగకుండానే పిల్లల్ని తీసుకుని ఒడ్డుకు పోయింది. తలుపు వేశాను. ఆయన మంచమ్మీద కూర్చుని నేల చూస్తున్నాడు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు, పడుకున్నాడు. అంతా ఎప్పటిలాగే జరుగుతుందనుకున్నాను. నా తల ఆయన గుండె మీద పెట్టాను. ఒక్కసారిగా ఆయన ఒళ్ళు బిగుసుకుపోయింది. బిగుసుకుని వణికింది. చలిజ్వరంలో వణికినట్టు.

"ఏటయింది బావా?"

"నెగు. నెగు" అన్నాడు. లేవమని. నేను లేచేలోపలే ఆయన లేచి, చొక్కా చేత్తో పట్టుకుని, తలుపు తీసుకుని బయటికి పోయాడు. నేను చీర సర్దుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మా అత్త దగ్గు వినబడేదాకా కూర్చున్నాను.

తర్వాత రెండు మూడుసార్లు అలాగే అయింది. మగవాళ్ళకు అప్పుడప్పుడు అలా అవుతుందని నాకు తెలుసు. ఆడవాళ్ళు నాతో చెప్పుకునే సంగతుల్లో అదీ ఒకటి. అలసట, బెంగ, సారా, ఏదో ఒకటి. కానీ ఇది అది కాదని నాకర్థమైంది. ఆయనకు నా ఒళ్ళంటే భయం వేస్తోంది.

ఒక పొద్దున పాకలో వల బాగుచేసుకుంటూంటే దగ్గర కూర్చుని అడిగాను. మొదట నాలుగుసార్లు మాట దాటేశాడు. ఐదోసారి, వల మీద నుంచి తలెత్తకుండా చెప్పాడు.

"ఆడు నా పక్కనే పడుకున్నాడు గదే. ఊపిరి గురగురమంటాది. నా సెయ్యి కోసం తడుముకున్నాడు. అన్నయా, నీలు, అన్నాడు. నాను నిద్దరోతన్నట్టు పడుకున్నాను. నాకంటుకుంటాదని బయమేసింది. ఈపు తిప్పీసినాను. మల్లీ పిలిసినాడు. మల్లీ పిలిసినాడు. తరవాత పిలవనేదు."

మళ్ళీ ఆయనే అన్నాడు.

"నీ ఊపిరి మెడకి తగిల్తే ఆడే పిలుస్తన్నట్టుంటాది. నువ్వని తెలుసు. తెలిసినా అలగే ఉంటాది."

"నువ్వొక్కడివే ఏటి సేస్తావు బావా. అందరికీ బయమే గదా అప్పుడు."

"అందర్నీ పిలవనేదు ఆడు. నన్ను పిలిసినాడు."

 

ఆ వర్షాకాలం ఎవరూ గుజరాత్ వెళ్ళలేదు. మా ఊరు పుట్టాక ఇంతమంది మగవాళ్ళు ఏడాది పొడుగునా ఇళ్ళలో ఉండడం అదే మొదటిసారి కావచ్చు. నా సంచి ఊరికే ఖాళీ అయ్యేది. ఆసుపత్రిలో అడిగితే సరుకు రాలేదనేవారు. ఆడవాళ్ళు ఒడ్డున చేపలు ఆరబోస్తూ నన్ను చుట్టుముట్టేవారు.

"ఓలప్పా, మాత్రలు తెచ్చినావేటి?"

"నేవే. వచ్చే వారం వస్తాయి."

"వచ్చే వారమంటే నాను సచ్చిపోతాను. ఆడికి పని నేదు, పాట నేదు. పగలు నేదు, రేతిరి నేదు. మల్లీ గుజరాత్ ఎప్పుడు తెరుస్తారే తల్లీ!"

అందరూ పగలబడి నవ్వారు. ఇంకొకావిడ నా వైపు చూసి కన్ను గీటింది.

"దీనికేటే, సంచి దీని దగ్గరే ఉన్నాది. మాకు నేదని సెప్పి అన్నీ ఇదే దాసుకుంటన్నాది."

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. ఇంటికొచ్చి నూతి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చాను. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి మొగుడు ఇంట్లో ఉండడం నిజంగానే నరకంగా ఉండేది. ఒకతికి ఒంటి మీద దెబ్బలు నేను చూశాను. వాళ్ళ కష్టం తెలిసి కూడా ఒక్కోసారి వాళ్ళను చూస్తే అసూయ కలిగేది. అంతగా పాడైపోయింది నా బుద్ధి.

నేను ఊపిరి బిగబట్టి పడుకోవడం నేర్చుకున్నాను. ఆయన పక్కన పడుకున్నప్పుడు మొహం గోడవైపు పెట్టుకునేదాన్ని. దగ్గు వస్తే లేచి బయటికి వెళ్ళి దగ్గేదాన్ని. ఆయనకు నేను లేనట్టుగా ఉండాలి. అప్పుడైనా నా వైపు తిరుగుతాడేమో. ఒక వాన మధ్యాహ్నం తిరిగాడు. ఆయనే వచ్చాడు. నా మొహం వైపు చూడలేదు, మెడ అటు తిప్పుకునే ఉన్నాడు. పని అప్పజెబితే పూర్తిచేసినట్టు చేసి, లేచి, ఆ వానలోనే నూతి దగ్గరకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. తర్వాత బిందెలకొద్దీ నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. తలుపు సందులోంచి చూశాను. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరుది.

నేను ఊరుకోలేదు. బతిమాలి, ఒట్టు పెట్టి, శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఎవరి సంగతో అన్నట్టు అడిగితే, మాట్లాడితే తగ్గుతుందట, ఇలాంటివాళ్ళకు మందులున్నాయట అని నర్సమ్మ చెప్పింది. నన్ను బయటే కూర్చోమని ఆయనొక్కడే లోపలికి వెళ్ళాడు. చప్పున తిరిగొచ్చాడు. చేతిలో ఒక పూతమందు చీటీ.

"ఏటన్నాడు డాక్టరు?"

"మోకాలికి రాసుకోమన్నాడు."

"మోకాలికా?"

"మోకాలు నొప్పని సెప్పినాను" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అరసవల్లి దగ్గర ఆటో ఆగిపోయింది. ఎదర ఏదో పెళ్ళివాళ్ళ బండ్లు అడ్డం. పెళ్ళికొడుకు మాస్కు, పెళ్ళికూతురు మాస్కు. ఆయన వాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన తొడమీద చెయ్యి వేశాను. తీసేయలేదు. కానీ ఆటో కదిలేదాకా ఆయన కాలు రాయిలా ఉండిపోయింది. చివరికి నేనే తీసేశాను.

మరుసటి ఏడు వేసవిలో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. టీకా వేయించుకున్నా, ఇళ్ళు తిరిగే పని కాబట్టి నాకూ వచ్చింది. ఆసుపత్రిలో మంచాల్లేవన్నారు. గదిలో నన్నొక్కదాన్నీ ఉంచి అత్త, పిల్లలు పక్కింటి పంచకు మారారు. రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఊపిరి అందలేదు. చాప మీద బోర్లా పడుకుని, నోరు తెరిచి, ఒడ్డున పడేసిన చేపలా కొట్టుకున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆ సందులోంచి ఆయన కనబడుతున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"బావా" అన్నాను. "నీలు."

ఆయన వినలేదని అనుకోవడానికి లేదు. నా మాటకు ఆయన భుజాలు ముడుచుకున్నాయి.

"బావా."

ఆయన మోకాళ్ళు దగ్గరకు లాక్కున్నాడు. చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు. వీపు నావైపే ఉంది. ఎండకు నల్లబడిన ఆ వీపు నాకు బాగా తెలుసు. నేను మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. పక్కింటి పంచలోంచి నా కూతురు పరుగెత్తుకొచ్చింది. తండ్రిని దాటుకుని లోపలికొచ్చి, చున్నీ ముక్కుకు చుట్టుకుని, నా తలెత్తి నీళ్ళు పట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల. "అమ్మా, సచ్చిపోకే" అని నా వీపు రాస్తూ ఏడ్చింది. బయట ఆయనా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. లోపలికి మాత్రం రాలేదు.

నేను బతికాను. అదే సాయంత్రం ఎవరో ఆక్సిజన్ సిలిండరు తెచ్చారు. కొన్నాళ్ళకు లేచి తిరిగాను. ఆయన సముద్రం నుంచి పీతలు తెచ్చి అత్తచేత పులుసు పెట్టించాడు. పళ్ళెం నా ముందు పెట్టి దూరంగా నిలబడ్డాడు.

"తినే. బలమొస్తాది."

తిన్నాను. ఆయనమీద కోపం రాలేదు. ఎందుకు రాలేదని చాలాసార్లు ఆలోచించాను. ఆయన రాలేకపోయాడు, రాకూడదని కాదు. అది నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి నా ఒంట్లో ఆయన కోసం ఎదురుచూసేదేదో ఆగిపోయింది. అంతకుముందు ఆయన పక్కనుంచి నడిచినా నా చర్మానికి తెలిసేది. ఇప్పుడు తెలియదు. ఆయనకు తగ్గాలని మొక్కుకోవడం మానేశాను. తగ్గి నా దగ్గరకు వస్తే ఏం చెయ్యాలో నాకే తెలియదు.

మళ్ళీ గుజరాత్ తెరిచారు. ఆయన వెళ్ళడం, రావడం మళ్ళీ మొదలైంది. వచ్చినప్పుడు పాకలోనే పడుకుంటాడు. వలలకు కాపలా అని ఊళ్ళోవాళ్ళతో చెబుతాడు. మా అత్త ఇప్పటికీ మధ్యాహ్నమయ్యేసరికి ఏదో వంకతో బయటికి పోతుంది. అక్కర్లేదని ఆవిడకెలా చెప్పను? ఆవిడ పోయాక ఆయన పెరట్లో ఉంటాడు, నేను గదిలో ఉంటాను.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం నేనే పాక దగ్గరకు వెళ్ళాను.

"బావా, మనం ఇలగే ఉండిపోతామేటి?"

ఆయన దారం పళ్ళతో కొరికి, ముడి బిగించాడు. చెవుల దగ్గర జుట్టు బాగా నెరిసింది.

"నీకు కట్టంగా ఉంటే ఎల్లిపోవే. ఇంకొకడ్ని సూసుకో. నానేటీ అనుకోను" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అన్నాడు.

"ఎక్కడికెల్తాను?"

నేను కాసేపు ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం వల చెరోవైపూ పట్టుకుని చిరుగులు వెతికాం. ఒకచోట నా వేలికి ఆయన వేలు తగిలింది. ఆయన మెల్లగా చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. నేనూ తీసుకున్నాను.

లోపల్నుంచి నా కూతురు, అన్నం పొంగుతోందని కేకేసింది. నేను లేచి వెళ్ళి గంజి వార్చాను.